మూలనపడ్డ ట్రాక్టరు మళ్లీ మోగాలంటే...

మీ పశువుల పాకలోనో, పెరట్లో చింతచెట్టు కిందో ఓ పాత ట్రాక్టరు ఉండే ఉంటుంది. నాన్నగారి హయాంలో కొన్నది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. సీటు మీద కోళ్లు పడుకుంటున్నాయి. బానెట్ కింద ఎలుకలు కాపురం పెట్టాయి. పాత ఇనుము కొనేవాడు నెలకోసారి వచ్చి దాన్ని ఎగాదిగా చూసి, కిలో లెక్కన ధర చెప్పి వెళుతుంటాడు. ఇంట్లో కుర్రాళ్లు ‘ఇచ్చేద్దాం నాన్నా, చోటైనా కలిసొస్తుంది’ అంటుంటారు. మీకేమో మనసొప్పదు.

ఇచ్చేయడమా, బాగుచేసుకోవడమా అన్నది తేల్చుకునే ముందు ఒక్క మాట. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ఇంజను తుప్పు వల్ల పాడయ్యేది కొంతే. దాన్ని మళ్లీ లేపాలనుకున్న రోజున మనం పడే తొందర వల్ల పాడయ్యేదే ఎక్కువ. పక్కింటి ట్రాక్టరు తెచ్చి, గొలుసు కట్టి, గేరులో వేసి లాగితే అరనిమిషంలో తేలిపోతుందనుకుంటారు. నిజమే, తేలిపోతుంది. పొద్దున బాగుపడే స్థితిలో ఉన్న ఇంజను సాయంత్రానికి తుక్కు కొట్టుకు పోతుంది.

ఏ ఓపికా, ఏ పద్ధతీ ఉంటే అలాంటి బండి ఇంటి దగ్గరే తిరిగి మోగుతుందో, ఎంతవరకు మనం చేసుకోవచ్చో, ఎక్కడ చెయ్యి తీసేయాలో ఈ వారం చూద్దాం.

ముందు మీ బండి ఏదో తెలుసుకోండి

మన దేశంలో ట్రాక్టరు తయారీకి వయసు మరీ ఎక్కువేం కాదు. 1959లో ఫరీదాబాదులో ఐషర్ బండి బయటికొచ్చింది. మరుసటి ఏడు 1960లో మద్రాసులో టాఫే పుట్టి మాసీ ఫెర్గూసన్ బండ్లు అందించింది. 1960ల్లోనే మహీంద్రావారు ఇంటర్నేషనల్ బి-275ను తెచ్చారు. 1971లో పింజోరులో హెచ్ఎంటీ వారు జెటార్ 2511 మొదలుపెట్టారు. అదే ఏడు ఎస్కార్ట్స్ నుంచి ఫోర్డు 3000 వచ్చింది. 1974లో స్వరాజ్. మీ పాకలో ఉన్నది వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది.

ఇదంతా ఎందుకంటే, బాగుచేయడం సాధ్యమా కాదా అన్నది సగం విడిభాగాల మీద ఆధారపడి ఉంటుంది. మాసీ 1035 లాంటి బండికి లైనరు, పిస్టను, రింగులు, ప్యాకింగుల సెట్టు నేటికీ విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతుంది. హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగం మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది కాబట్టి ఆ బండి ఉన్నవారు సామాన్ల కోసం కాస్త ఎక్కువ తిరగాల్సి ఉంటుంది. బండి విప్పకముందే ఇంజను నంబరు రాసుకుని సామాన్ల షాపుకు వెళ్లి రండి. విప్పి కుప్ప పోశాక ‘ఆ సైజు రావట్లేదండీ’ అనిపించుకోవడం కన్నా అదే నయం.

వాన ఎలా వెళ్లింది?

ఉయ్యూరు దగ్గరి ఒక పల్లెలో ఒక రైతు ఇంట్లో ఈ పని మొదలు నుంచి చివరిదాకా చూసే వీలు కలిగింది. పేరు రాయొద్దన్నారు. ఆయన తండ్రి 1978లో కొన్న మాసీ 1035 అది. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను. తండ్రి పోయాక పదకొండేళ్లు పాకలోనే ఉంది. పాక పైకప్పు నాలుగో ఏట ఓ పక్క ఒరిగింది. ఆ ఒరిగిన పక్కే పొగగొట్టం ఉంది.

ఇక్కడే కిటుకంతా ఉంది. మన ట్రాక్టర్లలో చాలావాటికి పొగగొట్టం నిట్టనిలువుగా ఉంటుంది. బండి నిలిపేశాక దాని మీద ఓ ఖాళీ డబ్బా బోర్లించకపోతే వాననీరు నేరుగా లోపలికి దిగుతుంది. ఇంజను ఎప్పుడు ఆగినా ఏదో ఒక సిలిండరులో పొగ బయటికి వెళ్లే వాల్వు తెరిచి ఉండే అవకాశం ఎక్కువ. ఆ నీరు ఆ సిలిండరులోకే పోతుంది. అందుకే పడి ఉన్న ఇంజన్లలో సాధారణంగా ఒక్క సిలిండరే గట్టిగా పట్టేసి ఉంటుంది. మిగిలినవి బాగానే ఉంటాయి. ఒక్కటి పట్టేసినా క్రాంకు తిరగదు కనుక మనం ‘ఇంజను మొత్తం పోయింది’ అనుకుంటాం. ఆ ఒక్క అనుమానంతోనే ఎన్ని బండ్లు కిలోల లెక్కన వెళ్లిపోయాయో!

ఆ రైతు బండిలోనూ అంతే. రెండో సిలిండరు ఒక్కటే పట్టేసింది. కానీ ఆ సంగతి తెలియడానికి వారం పట్టింది. తెలియకముందే ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు గొలుసు తెచ్చారు. అప్పుడే వచ్చిన ముసలి మేస్త్రీ ‘ఆగండి బాబూ, ముందు మూత తియ్యనివ్వండి’ అని రాకర్ మూత విప్పించాడు. చూస్తే రెండో సిలిండరు పొగ వాల్వు కిందికి దిగిన చోటే తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. ఆ స్థితిలో బండిని లాగి ఇంజను తిప్పి ఉంటే పిస్టను పైకొచ్చి ఆ వాల్వును గుద్దేది. వాల్వు వంగడంతో పోయేదా, పిస్టను పగలడంతో పోయేదా అన్నది అదృష్టాన్ని బట్టి.

చెయ్యి వేయకముందు చూడవలసినవి

బ్యాటరీ తగిలించకండి. సెల్ఫు కొట్టకండి. ముందు చాంబరు కింద ఒక బేసిన్ పెట్టి డ్రెయిన్ నట్టు మెల్లగా వదులు చేయండి. నూనె కన్నా నీరు బరువు కాబట్టి లోపల నీరు ఉంటే ముందు నీరే వస్తుంది. గ్లాసుడు వస్తే అది గాలిలోని చెమ్మ కావచ్చు. లీటర్ల కొద్దీ వచ్చిందంటే పొగగొట్టం నుంచో, హెడ్డు ప్యాకింగు నుంచో, లైనరు కింది రబ్బరు రింగుల నుంచో దిగిందన్నమాట. ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంటే నీరు, నూనె కలిసి తిరిగాయని అర్థం. అంటే బండి ఆగకముందే ఆ జబ్బు ఉందన్నమాట.

తరువాత బ్లాకు చుట్టూ తిరిగి చూడండి. మన ప్రాంతంలో చలికి నీరు గడ్డకట్టి బ్లాకు పగిలే భయం లేదు గానీ, ఉప్పునీటి బోర్ల నీరు రేడియేటరులో పోసినవారి బండ్లలో లోపలి నీటి గదులు తుప్పుతో పూడిపోయి ఉంటాయి. రేడియేటరు మూత తీసి వేలు పెట్టి చూడండి. ఎర్రటి బురద వస్తే వాటర్ పంపు కూడా విప్పాల్సిందే.

ఎయిర్ క్లీనరు విప్పండి. నూనె గిన్నె ఉన్న పాత రకం అయితే అడుగున ఏముందో చూడండి. ఆ గిన్నె మీ బండి జాతకం చెబుతుంది. కుప్పనూర్పిళ్ల రోజుల్లో కళ్లంలో వడ్ల పనల మీద గుండ్రంగా తిప్పిన బండ్లలో దుమ్ము, గడ్డినలుసు చేరి నూనె ముద్దగా అయిపోయి ఉంటుంది. అలాంటి బండిలో రింగులు, లైనర్లు అరిగి ఉంటాయని విప్పకముందే చెప్పొచ్చు. మా రైతు బండి గిన్నెలో ఆయిలు బదులు ఎండిన మట్టి పెళ్ల ఉంది. దాన్ని స్క్రూడ్రైవరుతో తవ్వి తీయాల్సి వచ్చింది.

నూనె పోసి ఊరబెట్టండి

ఇప్పుడు నాజిళ్లు (డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు) మూడూ విప్పి తీసేయాలి. దీనికి రెండు కారణాలు. ఒకటి, నూనె పోయడానికి దారి కావాలి. రెండు, లోపల నీరుంటే అది బయటికి రావడానికి దారి కావాలి. గాలి అణుగుతుంది, నీరు అణగదు. నాజిళ్లు బిగించి ఉండగా నీళ్లున్న సిలిండరులో పిస్టను పైకి తోస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

డీజిలు, ఇంజను ఆయిలు చెరిసగం కలిపి ఒక్కో సిలిండరులో టీ గ్లాసుడు పోయండి. నాజిలు రంధ్రాలకు శుభ్రమైన గుడ్డ కుక్కి వదిలేయండి. రెండు రోజులకోసారి చూసి, దిగిపోతే మళ్లీ పోయండి. ఏ సిలిండరులో దిగుతోంది, ఏ సిలిండరులో నిలిచిపోయింది అన్నది రాసి పెట్టుకోండి. దిగిపోయిన చోట రింగుల మధ్య సందు ఉందని, నిలిచిపోయిన చోట తుప్పు పేరుకుందని ఓ అంచనా వస్తుంది. అదే రోజుల్లో వాల్వు కాడల మీద కూడా చుక్క చుక్కగా నూనె వేస్తుండాలి. పట్టేసిన వాల్వు తలను చెక్క సుత్తితో మెల్లగా తట్టి, చుట్టూ తిప్పి వదులు చేయాలి. ఇనుప సుత్తి పనికిరాదు.

వారం తరువాత గేరు న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకుని, క్రాంకు పుల్లీ నట్టుకు పెద్ద పానా వేసి చేత్తో కదిలించి చూడండి. ముందుకు కాస్త, వెనక్కు కాస్త. గోరంత కదిలినా చాలు, అది శుభవార్త. మళ్లీ నూనె పోసి మరో రెండు రోజులు ఆగండి. పానాకు ఆరడుగుల పైపు తొడిగి ఇద్దరు వేలాడటం మాత్రం వద్దు. అప్పుడు కదిలేది పిస్టను కాదు, తెగేది నట్టు.

తిరగడం మొదలయ్యాక రంధ్రాల నుంచి నూనె పిచికారీలా చిమ్ముతుంది. ముఖం దగ్గర పెట్టి తొంగి చూడకండి.

ఉయ్యూరు రైతు బండి పన్నెండో రోజున కదిలింది. అక్కడితో సంబరపడి నాజిళ్లు బిగించి స్టార్టు చేయొచ్చా? కొందరు చేస్తారు. పట్టేసిన చోట తుప్పు పలచగా ఉంటే నడుస్తుంది కూడా. కానీ తుప్పు తిన్న గుంటల మీద రింగులు నడిస్తే కొద్ది గంటల్లోనే విరుగుతాయి. విరిగిన ముక్క లైనరును చీలుస్తుంది. పదకొండేళ్లు ఆగిన బండికి ఇంకో నెల ఆగడం కష్టమేం కాదు కదా. హెడ్డు విప్పి కళ్లతో చూడటమే మంచిదన్నది నా అభిప్రాయం.

విప్పేటప్పుడే బిగింపు గురించి ఆలోచించాలి

ఈ రోజుల్లో మనకో పెద్ద సౌకర్యం సెల్‌ఫోను. ఏ పైపు ఎటు వెళ్లింది, ఏ బోల్టు ఎంత పొడవు అన్నది విప్పకముందే ఫొటో తీసుకోండి. రైతు మేనల్లుడు ఐటీఐలో డీజిల్ మెకానిక్కు చదివాడు. ఆ అబ్బాయి అరటిపళ్ల అట్టపెట్టె తెచ్చి, దానికి వరుసగా రంధ్రాలు పెట్టి, పుష్ రాడ్డులు ఏ వరుసలో తీశాడో ఆ వరుసలోనే గుచ్చాడు. బోల్టులకు పాత హార్లిక్సు సీసాలు. ఒక్కో సీసా మీద చీటీ. ఈ పనికి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు.

హెడ్డు నట్లు ఒకేసారి వదులు చేయకూడదు. అంచుల నుంచి మధ్యకు వస్తూ, కొద్దికొద్దిగా రెండు మూడు చుట్లలో వదలాలి. బిగించేటప్పుడు దీనికి తిరగ్గా, మధ్య నుంచి అంచులకు. లేకుంటే హెడ్డు వంకరపోతుంది.

కనెక్టింగ్ రాడ్డు టోపీలు ఒకదానిది మరొకదానికి పెట్టకూడదు. ప్రతి రాడ్డునూ దాని టోపీతో కలిపి బిగించి బోరు కొడతారు కాబట్టి మారితే గుండ్రం పోతుంది. వాటి మీద అంకెలు ఉంటాయి. కనిపించకపోతే విప్పకముందే పంచితో ఒకటో దానికి ఒక చుక్క, రెండో దానికి రెండు చుక్కలు కొట్టుకోండి. టైమింగు గేర్ల మీద గుర్తులు కూడా అంతే. అవి కలిసి ఉన్నప్పుడే ఫొటో తీయాలి.

హెడ్డు, పిస్టన్ల వరకు బండిని కదపకుండానే పని అవుతుంది. క్రాంకు తీయాలంటే మాత్రం బండిని మధ్యకు విడదీయాలి. లారీకి ఉన్నట్టు మన మాసీ రకం ట్రాక్టర్లకు కింద చాసిస్ ఉండదు. ఇంజను బ్లాకే బండికి నడుము. ముందు ఇరుసు ఇంజనుకు వేలాడుతుంది, వెనక గేరుపెట్టె దానికి అతుక్కుంటుంది. అందుకే విడదీసేటప్పుడు రెండు ముక్కలకూ విడివిడిగా గట్టి ఆధారం ఉండాలి. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది కనుక ఇరుసుకు, దాని పైభాగానికి మధ్య రెండు పక్కలా చెక్క మేకులు దిగ్గొట్టాలి. లేకపోతే విడదీసిన ఇంజను పక్కకు దొర్లుతుంది. ఇటుకలు, జాకీ నమ్ముకుని బండి కిందికి దూరొద్దు. ఈ ఒక్క పనికి అనుభవమున్న మేస్త్రీని, నలుగురు మనుషులను పెట్టుకోండి. ఇంటి దగ్గర చేసుకుంటున్నాం కదా అని ఇందులో పొదుపు పనికిరాదు.

గోరు, గేజి చెప్పే నిజం

పిస్టను తీశాక లైనరు పైఅంచు లోపలివైపు గోరుతో గీరి చూడండి. రింగు తిరిగే పైహద్దు దగ్గర మెట్టులా తగిలితే ఆ మెట్టు ఎత్తే అరుగుదల. లైనరు పైన ఎక్కువ, కింద తక్కువ అరుగుతుంది. మంట, వేడి, దుమ్ము అన్నీ పైనే కదా.

మైక్రోమీటరు లేనివారు కూడా చేసుకోగల పరీక్ష ఒకటుంది. కొత్త రింగు ఒకటి లైనరులో పెట్టి, పిస్టను తలతో దాన్ని సమంగా కిందికి తోయండి. రింగు చివరల మధ్య సందును ఫీలరు గేజితో కొలవండి. అంగుళంలో వెయ్యో వంతును మెకానిక్కులు ‘థౌ’ అంటారు. బోరు ఒక్కో అంగుళానికి మూడు నాలుగు థౌల సందు ఉండాలన్నది పాత లెక్క. అంటే మూడున్నర అంగుళాల బోరుకు 10 నుంచి 14 థౌలు. అరగని కింది భాగంలో ఒకసారి, అరిగిన పైభాగంలో ఒకసారి కొలవండి. రెండింటి తేడాను మూడుతో భాగిస్తే బోరు ఎంత వెడల్పయిందో దాదాపుగా తెలుస్తుంది. కింద 12, పైన 36 వచ్చిందనుకోండి. తేడా 24, అంటే బోరు 8 థౌలు అరిగింది. అంత అరిగాక కొత్త రింగులు వేసి సరిపెట్టుకోవడం డబ్బు దండగ. లైనర్లు మార్చాల్సిందే.

మా రైతు బండిలో ఒకటి, మూడు సిలిండర్లు అరుగుదలతోనే పోయాయి. రెండోది తుప్పు గుంటలతో పోయింది. మూడూ మార్చారు. ఆయనకు బాధేసింది గానీ, ‘విప్పకుండా నడిపితే ఇదే ఖర్చు ఏడాది తిరక్కుండా పెట్టేవాణ్ణి’ అన్నారు.

క్రాంకు జర్నల్ గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా అయిందా అన్నది మాత్రం మైక్రోమీటరుతోనే చూడాలి. అడ్డంగా, నిలువుగా రెండు కొలతలూ తీయాలి. అరిగితే క్రాంకును గ్రైండింగు చేసి సన్నం చేస్తారు. 10, 20, 30 థౌలు తక్కువ సైజు బేరింగులు దొరుకుతాయి. పాత బేరింగు వెనుక అంకె చూడండి. ఇదివరకే 30 వేసి ఉంటే ఇక గ్రైండింగుకు చోటు లేనట్టే. అప్పుడు వేరే క్రాంకు వెతుక్కోవాలి. ఆ మాట షాపువాడు చెప్పేదాకా ఆగకుండా మీరే ముందు చూసుకుంటే బేరం మీ చేతిలో ఉంటుంది.

బ్లాకు పగిలి ఉండి, క్రాంకు సైజు అయిపోయి, పంపు కూడా పోయి ఉంటే ఆశ వదులుకోండి. మూడింటిలో ఒకటైతే నెట్టుకు రావచ్చు. మూడూ అయితే అదే రకం ఇంకో బండికి సామాన్లుగా అమ్ముకోవడం లాభం. గేరుపెట్టె, చక్రాలు, హైడ్రాలిక్కు విడివిడిగా అమ్మితే తుక్కు ధర కన్నా మెరుగ్గానే వస్తుంది.

ఇంట్లో ఏది, షాపులో ఏది?

కడుగుడు మనదే. కిరసనాయిలు లేదా డీజిలుతో, ఇత్తడి బ్రష్షుతో, చెట్టు కింద కూర్చుని చేసుకోవచ్చు. పోత ఇనుము భాగాలకు వేడినీళ్లలో చాకలి సోడా బాగా పనిచేస్తుంది. కాస్టిక్ సోడా జోలికి పోవద్దు. పిస్టన్లు అల్యూమినియంవి, కాస్టిక్ వాటిని తినేస్తుంది. నీటి గదుల తుప్పుకు నిమ్మఉప్పు కలిపిన వేడినీరు నింపి, కొన్ని గంటల తరువాత తీసేసి, మంచినీటితో రెండు మూడుసార్లు కడిగితే చాలావరకు వదులుతుంది.

వాల్వులకు పేస్టు రాసి నూరడమూ మనదే. ముందు ముతక పేస్టు, తరువాత సన్న పేస్టు. పిల్లలాట బొంగరంలా అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్య లేపి చోటు మార్చాలి. చుట్టూ తెగని బూడిదరంగు గీత వస్తే పని అయినట్టు. వాల్వులు, స్ప్రింగులు బిగించాక హెడ్డు పోర్టుల్లో కిరసనాయిలు పోసి అరగంట చూడండి. చెమ్మ దిగకపోతే మీరు పాస్.

లైనర్లు దింపడం, బోరు కొట్టడం, క్రాంకు గ్రైండింగు, హెడ్డు చదును చేయడం షాపు పనులు. పాత భాగం నమూనాగా పట్టుకెళ్లండి. కొత్త భాగం కొలిపించుకుని తీసుకోండి.

డీజిలు పంపును మాత్రం ఇంట్లో విప్పొద్దు. దానిలోని ఎలిమెంటు, దాని గొట్టం మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. మన చేతి దుమ్ము రేణువు దాని కన్నా పెద్దది. పంపునూ, నాజిళ్లనూ పంపు కాలిబ్రేషన్ షాపులోనే ఇవ్వాలి. నాజిలు చిమ్మే తీరు ఇంట్లో అరచేతి మీద చూస్తామనే ఉత్సాహవంతులు ఉంటారు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న చుక్కలా కనబడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. చెయ్యి తీసేయాల్సిన ప్రమాదమది.

బిగింపులో నాలుగు మాటలు

బిగించే రోజున చీపురు పట్టొద్దు, దూడను కట్టొద్దు. దుమ్మే శత్రువు. ప్రతి భాగానికీ శుభ్రమైన ఇంజను ఆయిలు రాసి మరీ బిగించాలి. రింగు మీద ‘టాప్’ అనే అక్షరాలుంటే అవి పైకి రావాలి. రింగుల సందులు ఒకే వరుసలో పడకుండా చుట్టూ సర్దాలి. బేరింగు సందు చూసుకోవడానికి ప్లాస్టిగేజి అనే సన్నని దారం దొరుకుతుంది. జర్నల్ మీద పెట్టి టోపీ బిగించి విప్పితే ఎంత చదునైందో దాన్నిబట్టి సందు తెలుస్తుంది. క్రాంకును మాత్రం ఆ మధ్యలో తిప్పకూడదు.

హెడ్డుకు టార్క్ రెంచి తప్పనిసరి. ‘నా చేతికి తెలుసు’ అనే మేస్త్రీలు మనకు చాలామంది. వారి చేతిని గౌరవిస్తూనే రెంచి అద్దెకు తెచ్చుకోండి. ఎంత బిగించాలన్నది, ట్యాపెట్ల సందు ఎంతన్నది మీ బండి పుస్తకంలోదే పాటించండి. ఒక బండి లెక్క ఇంకో బండికి పనికిరాదు.

తొలి స్టార్టు

గేరు న్యూట్రల్. చక్రాలకు ముందు వెనక రాళ్లు. ఏళ్ల తరబడి ఆగిన బండిలో క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. బండి విడదీయనివారు దీన్ని మరవకూడదు. పెడలు తొక్కాం కదా అని గేరులో స్టార్టు చేస్తే బండి ముందుకు దూకుతుంది.

ట్యాంకు కడిగి కొత్త డీజిలు పోయండి. ఫిల్టర్లు కొత్తవి వేయండి. గాలి తీయడం ఫిల్టరు దగ్గర మొదలుపెట్టి, పంపు దగ్గరికొచ్చి, చివరికి నాజిలు పైపుల దగ్గర ముగించాలి. ఆ తరువాత స్టాపు తీగ లాగి పట్టుకుని, ఇంజను అంటుకోకుండా సెల్ఫు కొట్టి, ఆయిలు గేజి ముల్లు లేచేదాకా ఆగి ఆగి తిప్పండి. ఆయిలు పైకెక్కకముందే ఇంజను అంటుకుంటే కొత్త బేరింగులు ఎండు మీద నడుస్తాయి.

పక్కన ఒక మనిషిని చదునైన చెక్కపలకతో నిలబెట్టండి. ఎయిర్ క్లీనరు గొట్టం తీసేసి గాలి దారి తెరిచి ఉంచండి. పంపు లోపల కడ్డీ పూర్తి డీజిలు దగ్గర బిగుసుకుంటే ఇంజను మన మాట వినకుండా అంతకంతకూ వేగం అందుకుంటుంది. స్టాపు తీగ పనిచేయదు. అప్పుడు గాలి దారికి పలక అడ్డం పెడితేనే ఆగుతుంది. గుడ్డ పెడితే లోపలికి లాగేసుకుంటుంది, చెయ్యి పెట్టడం మరీ ప్రమాదం. నూటికి తొంభైసార్లు ఆ పలక అవసరం రాదు. అయినా ఉండాలి.

ఉయ్యూరు రైతు బండి మూడో ప్రయత్నానికి అంటుకుంది. ముందు తెల్లపొగ, తరువాత కొద్దిగా నీలి పొగ, పావుగంటకు పొగ పలచబడింది. హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకు, అమ్మేద్దామన్నవాడే, వీడియో తీసి స్నేహితులకు పంపుకున్నాడు. ఆ రైతు మాత్రం ఆయిలు గేజి మీద నుంచి చూపు తిప్పలేదు.

తొలి 50 గంటలు

కొత్త రింగులు లైనరుకు సర్దుకోవడానికి ఓ మాదిరి బరువు కావాలి. ఉత్తినే గంటల కొద్దీ ఐడిల్‌లో ఉంచితే లైనరు గోడలు నున్నగా మెరుగెక్కి, ఆ తరువాత ఎప్పటికీ ఆయిలు తాగుతూనే ఉంటుంది. అలాగని మొదటి రోజే దమ్ముకు దింపొద్దు. ఖాళీ ట్రక్కు, పశుగ్రాసం, ఓ పాటి గొర్రు, ఈ వరుసలో పెంచుకుంటూ పోవాలి. మొదటిసారి బాగా వేడెక్కి చల్లారాక మీ పుస్తకం చెప్పినట్టు హెడ్డు నట్లు మళ్లీ చూసి, ట్యాపెట్లు సరిచేయాలి. 25 గంటలకోసారి, 50 గంటలకోసారి ఆయిలు మార్చండి. మొదటి ఆయిలులో సన్నని ఇనుప మెరుపు కనిపించడం మామూలే. ముక్కలు కనిపిస్తే ఆపేయండి.

ఖర్చు లెక్క అడిగేవారికి: ఊరికో ధర, షాపుకో ధర. అయినా వరుస మాత్రం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. లైనరు పిస్టన్ల సెట్టు, క్రాంకు గ్రైండింగు, డీజిలు పంపు — ఈ మూడే పెద్దవి. తరువాత టైర్లు. పదకొండేళ్లు ఒకే చోట నిలబడ్డ టైర్లు పక్కల చీలి ఉంటాయి, వాటి లెక్క ముందే వేసుకోండి. రంగు ఆఖర్న వేయొచ్చు, వేయకపోయినా పని ఆగదు. దున్నకానికి పెద్ద బండి ఉన్నవారికి ఈ పాత బండి గడ్డికి, మందుల పిచికారీకి, పొలం గట్ల పనికి పనికొస్తుంది. ఉన్న ఒక్క బండీ ఇదే అయితే, అప్పు చేసి దీన్ని బాగుచేయించి దాంతోనే సేద్యం నడపాలనుకునేవారు మరొకసారి లెక్క చూసుకోవాలి.

ఇక కాగితాలు. వ్యవసాయ ట్రాక్టరు రిజిస్ట్రేషను మొదటిసారి 15 ఏళ్లకు ఉంటుంది, ఆ తరువాత రెన్యూవల్ చేయించుకోవాలి. తండ్రి పేరున ఉన్న బండయితే పేరు మార్పు కూడా కావాలి. ఇంజను బ్లాకే మార్చి ఉంటే కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి, పాత బ్లాకు కొన్న రసీదు దాచండి. ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కొద్దు. ఉయ్యూరు బండికి ఇంకా పేరు మార్పు కాలేదు. అందుకే అది ప్రస్తుతం పెరటి గేటు దాటడం లేదు, గట్టు మీద నుంచి గడ్డి మోస్తోంది. పొగగొట్టం మీద డబ్బా మాత్రం రోజూ సాయంత్రం బోర్లిస్తున్నారు.